సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నాను: ఇంజన్‌ను నమ్మేదెలా?

మట్టిమనిషి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మొయినాబాద్ దగ్గర ఎకరంన్నరలో మొక్కల నర్సరీ నడుపుతున్నాను. గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి అపార్ట్‌మెంట్లకు వారానికి అయిదారు సార్లు మొక్కలు, కుండీలు, ఎర్రమట్టి పంపాలి. ఇన్నాళ్లూ కిరాయి బండ్లతో నెట్టుకొచ్చాను. వాళ్లకు మొక్కయినా సిమెంటు బస్తా అయినా ఒకటే. దించేసరికి సగం కొమ్మలు విరిగి ఉంటాయి. ఇక సొంతంగా ఒక పికప్ కొనాలని నిశ్చయించుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు. ఆరు లక్షలకు అటూ ఇటూ ఉండాలి.

రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి 2018 నాటి బీఎస్-4 (బండి పొగకు ప్రభుత్వం పెట్టిన పరిమితి, అంకె పెరిగేకొద్దీ కఠినం) డీజిల్, మీటరు 1,18,000 కిలోమీటర్లు చూపిస్తోంది. కూరగాయల వ్యాపారిది, బోయిన్‌పల్లి మార్కెట్‌కు తిరిగింది. అయిదు లక్షల పదివేలు అంటున్నారు. రెండోది 2021 నాటి బీఎస్-6 డీజిల్, 46,000 కిలోమీటర్లు. కూకట్‌పల్లి చుట్టుపక్కల ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఇళ్లకు చేరవేసింది. ఆరు లక్షల నలభై వేలు. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చ అభిమాన సంఘాల కొట్లాట అవుతుందని ఇక్కడి పాత చర్చలు చదివాక అర్థమైంది.

నా భయమంతా ఇంజన్ గురించే. తలుపు సొట్ట కంటికి కనబడుతుంది, టైరు అరుగుదల చేతికి తెలుస్తుంది. ఇంజన్ లోపల ఏముందో ఎవరు చెప్పాలి? మా బావమరిది నిరుడు ఒక బండి కొని రెండో నెలలోనే ఫుల్ ఇంజన్ పని చేయించాడు. లక్షా పదివేల బిల్లు. ఆ కాగితం ఇంకా నా కళ్ల ముందు ఆడుతోంది.

తెల్లవారుజాము | ఆదివారం, రాత్రి 9:40

మాకు పాల బండ్లు అయిదు ఉన్నాయి, చౌటుప్పల్ వైపు నుంచి రాత్రి రెండింటికి బయలుదేరతాయి. అన్నీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. అన్నా, మీటరు చూసి బండి కొనకండి. బండి ఏం మోసింది, ఎవరు నడిపారు అన్నది చూడండి. కూరగాయల బండి అంటే వేసవిలో టమాటా పెట్టెలు పైకప్పు దాటి కట్టి ఉంటారు. కిందకు వంగి వెనుక చక్రాల దగ్గర బరువు మోసే కమాన్ పట్టీలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు స్ప్రింగు పట్టీలు) లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినవాటికన్నా ఒకటో రెండో ఎక్కువ ఉంటే, ఆ ఇంజన్ పుట్టినప్పటి నుంచి ఒకటిన్నర రెట్ల బరువు లాగిందని లెక్క.

కొత్తబండే_మేలు | ఆదివారం, రాత్రి 9:58

ఆరున్నర లక్షలు పాత బండికి పోసే బదులు ఇంకో రెండు, మూడు లక్షలు అప్పు చేసి కొత్తది తీసుకోండి. వారంటీ ఉంటుంది. ఈ పరీక్షలన్నీ దండగ.

మట్టిమనిషి | ఆదివారం, రాత్రి 10:05

నర్సరీకి వేసిన బోరు అప్పే ఇంకా తీరలేదండీ. కొత్త బండి మాట వద్దు.

పంపుమేస్త్రీ | సోమవారం, ఉదయం 6:20

బాబూ, నేను ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు డీజిల్ పంపులు, డీజిల్‌ను ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లు బాగుచేశాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. చెవి కాస్త మందగించింది గాని ఇంజన్ మాట ఇంకా వినబడుతుంది.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని తెల్లవారి మీ ఎదుటే మొదటిసారి స్టార్ట్ చేయించండి. వేడెక్కిన ఇంజన్ ఎవరికైనా మంచి మాటలే చెబుతుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండర్ లోపలి గోడలైన లైనర్లు అరిగితే ఆ నొక్కు కారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు సందులు ఇంకా ఎక్కువ కనుక లోపం అప్పుడే బయటపడుతుంది. మూడు, నాలుగు సార్లు తిప్పాక బద్ధకంగా లేచి, నిమిషం పాటు కుంటుతూ నడిచే ఇంజన్‌ను చూస్తే నాకు అక్కడే సంగతి తెలిసిపోతుంది.

తర్వాత పొగ. స్టార్ట్ అయిన కొత్తలో కొద్దిగా తెల్లపొగ వచ్చి అర నిమిషంలో పోతే దాన్ని వదిలేయండి. పోకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి కారుతోంది. నీలిపొగ అంటే ఆయిల్ మండుతోంది. నల్లపొగకు కారణం గాలి చాలకపోవడం కావచ్చు, డీజిల్ ఎక్కువవడం కావచ్చు. ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మారిస్తే పోతుంది, ఒక్కోసారి నాజిళ్ల దాకా వెళ్లాలి. మూడింటిలో నల్లపొగకు తక్కువ భయపడతాను.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను తిప్పి వదులుచేసి, అక్కడే బోర్లించి పెట్టండి. కొంచెం వణికితే సహజం. గెంతి కింద పడినా, రైలింజన్‌లా దబదబా ఆవిరి తోసినా బండి తాళాలు తిరిగి ఇచ్చేయండి. సిలిండర్‌లో ఉండాల్సిన గాలి రింగుల పక్కనుంచి కిందికి దిగి అలా బయటికి వస్తుంది.

ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని కంగారుపడకండి. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన రెండు, మూడు రోజులకే నల్లబడుతుంది. తేనెలా తళతళలాడుతుంటేనే అనుమానించండి, మీ కోసమే నిన్న మార్చి ఉంటారు. మూత లోపలివైపు మజ్జిగ రంగు మీగడ కనబడితే నీళ్లు కలిశాయి, హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్డు కింద ఉండే పలచని పొర) పోయిందో హెడ్డు వంగిందో చూడాలి.

లేత్‌షెడ్డు_బాలానగర్ | సోమవారం, ఉదయం 8:15

మేస్త్రీగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బేరం దగ్గరపడ్డాక అమ్మేవారితో ఇలా అనండి: “ఆయిల్, ఫిల్టర్ నా ఖర్చుతో మారుస్తాను, పాత ఫిల్టర్ నాకివ్వండి.” చాలామంది ఒప్పుకుంటారు, ఖర్చు మీది కదా. ఆ ఫిల్టర్ డబ్బాను కోసి లోపలి కాగితపు మడతలు విప్పి ఎండలో చూడండి. మసి ఉంటే సరే. మినుకుమినుకుమని లోహపు పొడి మెరిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటే లైనరో, రింగులో, క్యామో అరుగుతున్నాయి. అంటుకోకపోతే బేరింగులో, పిస్టనో. మా షెడ్డుకు క్రాంకులు (పిస్టన్లు తిప్పే ఇరుసులు) వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. యజమానులు ఆ ఫిల్టర్‌ను ఆరు నెలల ముందు కోసి చూసుకుంటే నాకు సగం పని తగ్గేది. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను.

గాలి నొక్కును కొలిచే కంప్రెషన్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌ను కొలిపించండి. అంకె ఎంత వచ్చిందన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు ఒకలా ఉండి నాలుగోది బాగా తక్కువైతే ఆ ఒక్కదాని కోసం ఇంజన్ మొత్తం విప్పాలి.

లెక్కలమాష్టారు | సోమవారం, ఉదయం 10:30

1,18,000 కిలోమీటర్లు అన్నారు. సగటున గంటకు 45 కిలోమీటర్ల వేగంతో తిరిగి ఉంటే ఆ ఇంజన్ నడిచింది సుమారు 2,600 గంటలు. అదే మార్కెట్ గేటు దగ్గర వరుసలో నిలబడి, సిగ్నళ్ల దగ్గర ఆగి, సగటు 15కు పడిపోతే దాదాపు 7,900 గంటలు. మీటరు మీద అంకె ఒకటే, అరుగుదల మూడింతలు. రెండో బండి 46,000కు కూడా ఇదే లెక్క వేసుకోండి. కూకట్‌పల్లిలో ఇంటింటికీ తిరిగిన బండి సగటు 15 దాటుతుందని నేను అనుకోను.

తెల్లవారుజాము | సోమవారం, ఉదయం 10:52

అందుకే నేను రాత్రిపూట బయటి రింగురోడ్డు మీద తిరిగిన రెండు లక్షల కిలోమీటర్ల బండిని కొంటాను గాని, గల్లీల్లో తిరిగిన యాభై వేల బండిని కొనను.

మట్టిమనిషి | సోమవారం, మధ్యాహ్నం 1:10

అయ్యో, అలాగైతే రెండూ పనికిరానివేనా? బీఎస్-6 బండి అంటే అసలే బెదరగొడుతున్నారు. మా ఊరి మెకానిక్ “అందులో ఇంజన్ కన్నా సైలెన్సరే ఖరీదు” అన్నాడు.

స్కానర్_కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 2:05

ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6. ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది, పొగగొట్టంలోకి మసిని పట్టే జల్లెడ వచ్చింది. దాన్నే డీపీఎఫ్ అంటారు. మసి నిండాక ఇంజన్ కాస్త ఎక్కువ డీజిల్ పంపి, ఆ జల్లెడను 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఇందుకు బండి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక మోస్తరు వేగంతో నడవాలి.

కూకట్‌పల్లిలో ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? మసి సగం కాలేసరికి డ్రైవరు బండి ఆపి ఫ్రిజ్ దించడానికి వెళ్తాడు. మళ్లీ మొదలు, మళ్లీ ఆపు. కాల్చడానికి పంపిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పెరుగుతుంది. అందుకే బీఎస్-6లో డిప్‌స్టిక్ మీద ఆయిల్ తక్కువుంటే ఒక రకం సమస్య, పైగీత దాటి ఉంటే ఇంకో రకం సమస్య. వాసన చూడండి, డీజిల్ వాసన తెలిసిపోతుంది.

బండిలోని కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే జల్లెడలో మసి ఎంతుందో, చివరిసారి ఎప్పుడు పూర్తిగా కాలిందో చాలా బండ్లలో కనబడుతుంది. ఆ జల్లెడ తీయించి గొట్టం వేస్తామని కొందరు చెబుతారు. అది చట్టవిరుద్ధం, ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు.

పంపుమేస్త్రీ | సోమవారం, సాయంత్రం 5:30

ఈ జల్లెడల విద్య నాకు తెలియదు, కుర్రవాడు చెప్పింది వింటాను. నాజిళ్ల సంగతి మాత్రం చెబుతాను. కామన్ రైల్ బండి (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఏదైనా సరే, నాజిళ్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను నాలుగు సీసాల్లో పట్టి చూడండి. నిమిషం పాటు ఇంజన్ నడిపితే నాలుగూ దాదాపు సమానంగా నిండాలి. ఒక సీసా ఎక్కువ నిండితే ఆ నాజిల్ లోపల కారుతోంది. పావుగంట పని.

సర్వేయరు | సోమవారం, రాత్రి 8:45

నాది బీమా సర్వే పని. 2018 బండి గురించి ఒక్క ప్రశ్న అడగండి: 2020 అక్టోబరులో ఈ బండి ఎక్కడ ఉంది? ఆ నెల 13, 14 తేదీల వానలకు టోలిచౌకి నదీం కాలనీ, హఫీజ్‌బాబానగర్, సరూర్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో నగరవాసులకు చెప్పనక్కరలేదు. మునిగిన బండిని ఎవరో కంగారులో స్టార్ట్ చేసి ఉంటే సిలిండర్‌లోకి నీళ్లు పోతాయి. గాలిని నొక్కవచ్చు, నీళ్లను నొక్కలేం. పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వెంట్రుకవాసి వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజన్ నెలలు, ఒక్కోసారి ఏళ్లు నడిచి ఒక రోజు బ్లాకు చీల్చుకుని బయటికి వస్తుంది.

సీటు లేపి పట్టాల మూలల్లో ఎండిన ఒండ్రు ఉందా చూడండి. హెడ్‌లైటు లోపలివైపు నీటి గీత, డాష్‌బోర్డు కింద వైర్ల కొసల దగ్గర పచ్చటి తుప్పు. కడిగినవాళ్లకు అక్కడ చేయి దూరదు. పాత బీమా క్లెయిముల వివరాలు కూడా అడగండి. ఆర్‌సీ మీది ఇంజన్ నంబరును బ్లాకు మీద చెక్కిన నంబరుతో పోల్చి చూడటం మరవకండి. ఇంజన్ మార్చి, ఆర్‌సీలో రాయించని బండ్లు నేను చాలా చూశాను.

ఉప్పల్_వంటశాల | సోమవారం, రాత్రి 9:30

అందరూ ఇంజన్ పండితులే, నేను వంటమనిషిని. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు భోజనాలు పంపుతాం. మూడేళ్ల క్రితం పాత బండి కొన్నప్పుడు నాకు తెలిసిన ఒక్క విద్యే నన్ను కాపాడింది. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్లు లేత పసుపు రంగు. కూలెంట్ అలాగే ఉంటుందన్నాడు అమ్మేవాడు. వేలు ముంచి వాసన చూశాను. తమ్ముడూ, అది మనం కూరలో వేసే పసుపే! రేడియేటర్ కారుతుంటే పసుపు పొడి పోసి సందులు మూస్తారట. రోజూ కిలోల లెక్కన పసుపు వాడేదాన్ని నన్నే మోసం చేయబోయాడు. అక్కడే దండం పెట్టి వచ్చేశాను.

తెల్లవారుజాము | సోమవారం, రాత్రి 9:41

అక్కా, నవ్వలేక చచ్చాను. పసుపు దారిలో అవసరానికి పనిచేస్తుంది, కాదనను. దాన్నే ఏళ్ల తరబడి ఉంచితే లోపలి సన్న గొట్టాలు కూడా మూసుకుపోతాయి. అసలు మన దగ్గర సగం ఇంజన్లు చచ్చేది బోరు నీళ్లతోనే. కూలెంట్ ఖరీదని ఉప్పు నీళ్లు పోస్తారు, లోపల పెచ్చు కడుతుంది, వేడెక్కుతుంది. బోరు నీళ్లు పోసినవాడు ఇంజన్‌కు బోరు (సిలిండర్లను మళ్లీ తొలిపించడం) చేయించక తప్పదు. నేనైతే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వదలని థర్మోస్టాట్ కూడా తీయించేస్తాను, అప్పుడు ఇంజన్ చల్లగా ఉంటుంది.

పంపుమేస్త్రీ | మంగళవారం, ఉదయం 6:05

పాలబాబూ, మొదటి సగం ముత్యంలాంటి మాట. రెండో సగం తప్పు. ఇంజన్ 80 నుంచి 90 డిగ్రీల మధ్య నడవాలని తయారుచేశారు. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుంది నిజమే, చల్లగా ఉన్నంతసేపూ డీజిల్ సరిగా మండదు, ఆయిల్ పలచబడదు, లైనరు త్వరగా అరుగుతుంది. పైగా డీజిల్ ఎక్కువ తాగుతుంది.

తెల్లవారుజాము | మంగళవారం, ఉదయం 6:30

పన్నెండేళ్లుగా తీసేసే నడుపుతున్నాను మేస్త్రీగారూ, ఏమీ కాలేదు.

పంపుమేస్త్రీ | మంగళవారం, ఉదయం 6:38

ఆ పన్నెండేళ్లలో ఎన్నిసార్లు రింగులు మార్చారు?

తెల్లవారుజాము | మంగళవారం, ఉదయం 7:15

...అయిదు బండ్లకు కలిపి నాలుగు సార్లు. సరే, ఒక బండికి తిరిగి బిగించి చూస్తాను.

ట్రాలీఅభిమాని | మంగళవారం, ఉదయం 9:00

పేర్లు లేని చర్చ ఉప్పు లేని పప్పులా ఉంది. నేను తిట్టను గాని, లెక్కలు చెబుతాను. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజన్, ముప్పాతిక టన్ను బరువు. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో ఒకటిన్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్‌తో ఒకటింపావు టన్నుకు వచ్చింది. మహీంద్రా బొలెరో పికప్‌ది రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 1.3, 1.7 టన్నుల రకాలు ఉన్నాయి. దేనికి తగ్గ బరువు దానికి వేస్తే ఏదీ మొరాయించదు. మన ఊళ్లో ముప్పాతిక టన్ను బండిలో టన్నున్నర వేసి “ఈ కంపెనీ ఇంజన్ పనికిరాదు” అంటారు. అన్నట్టు, మనవాళ్లు ఏ మధ్యరకం లారీని చూసినా డీసీఎం అనే అంటారు. డీసీఎం-టయోటా 1980లలో అమ్మిన లారీలు ఎప్పుడో రోడ్డు మీద నుంచి పోయాయి, పేరు మాత్రం పోలేదు.

లెక్కలమాష్టారు | మంగళవారం, ఉదయం 9:45

బరువు మాట వచ్చింది కనుక మట్టిమనిషి గారిని ఒకటి అడుగుతాను. మీరు మట్టి ఎంత ఎత్తు పోయిస్తారు?

మట్టిమనిషి | మంగళవారం, ఉదయం 10:10

ఎక్కువేమీ కాదండీ, తొట్టిలో ఒక అడుగు ఎత్తు. అంతే.

లెక్కలమాష్టారు | మంగళవారం, ఉదయం 10:25

తొట్టి పొడవు 8 అడుగులు, వెడల్పు అయిదున్నర అనుకుందాం. 44 చదరపు అడుగులు. అడుగు ఎత్తు అంటే 44 ఘనపుటడుగులు. తడి ఎర్రమట్టి ఘనపుటడుగు సుమారు 50 కిలోలు తూగుతుంది. మొత్తం 2,200 కిలోలు. 1.7 టన్నుల బండికి కూడా అర టన్ను ఎక్కువ. కూరగాయల వ్యాపారిని అనుమానించడం మంచిదే, ఆయన తర్వాత ఆ ఇంజన్‌ను మీరేం చేయబోతున్నారో కూడా చూసుకోండి.

మట్టిమనిషి | మంగళవారం, ఉదయం 10:31

అడుగు మట్టి రెండు టన్నులా! కిరాయి డ్రైవర్లు ఎందుకు సణిగేవారో ఇప్పుడు తెలిసింది.

మట్టిమనిషి | శుక్రవారం, రాత్రి 8:20

మొదటి బండి చూసి వచ్చాను. అమ్మేవారు “వచ్చే ముందు ఫోన్ చేయండి” అని రెండుసార్లు చెప్పారు. ఉదయం ఏడింటికి వెళ్లాను. ఇంజన్ అద్దంలా కడిగి ఉంది. కీ తిప్పగానే అందుకుంది, పొగ లేదు, శబ్దం లేదు. నిజం చెప్పాలంటే అక్కడే బయానా ఇవ్వాలనిపించింది. మేస్త్రీగారి మాట గుర్తొచ్చి రేడియేటర్ పైగొట్టం మీద చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. “పొద్దున్నే పాలకు వెళ్లొచ్చాం” అన్నారు. పాలకు పికప్‌లో వెళ్లారట.

పంపుమేస్త్రీ | శుక్రవారం, రాత్రి 8:55

రేపు చెప్పకుండా వెళ్లండి. శబ్దం మరీ మెత్తగా ఉందంటే చిక్కటి ఆయిలో, ఆయిల్‌లో కలిపే మందో పోసి ఉంటారు.

మట్టిమనిషి | ఆదివారం, ఉదయం 9:30

చెప్పకుండానే వెళ్లాను, ఆరింటికి. ఆయన పళ్లు తోముకుంటూ బయటికి వచ్చారు, మొహం మాడిపోయింది. ఈసారి ఇంజన్ చల్లగా ఉంది. అయిదోసారికి లేచింది. తెల్లపొగ వీధి చివరి వరకు పోయింది. ఆయిల్ మూత బోర్లించి పెట్టాను, చేతిలోంచి జారినంత సులువుగా గెంతి బంపర్ మీద పడింది. వెనుక పట్టీలు రెండు ఎక్కువ. రేడియేటర్‌లో మాత్రం పసుపు లేదు అక్కా, ఆ ఒక్క విషయంలో నిజాయితీపరుడు.

తిట్టుకుంటూ రాలేదు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు, వ్యాపారం దెబ్బతిని అమ్ముతున్నారు. టీ ఇచ్చారు. తాగి వచ్చాను.

స్కానర్_కుర్రాడు | ఆదివారం, ఉదయం 10:00

రెండోదాని దగ్గరికి నేను వస్తాను. మియాపూర్‌లోనే ఉంటాను. పెట్రోలు ఖర్చు ఇస్తే చాలు.

మట్టిమనిషి | బుధవారం, రాత్రి 9:05

కుర్రాడు వచ్చాడు, పెట్రోలు డబ్బు కూడా తీసుకోలేదు, ఒక కరివేపాకు మొక్క పట్టుకెళ్లాడు. సంగతులు ఇవి. చల్లని ఇంజన్ ఒక్కసారికే లేచింది. మూత వణికింది, గెంతలేదు. ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయింది. స్కానర్‌లో మసి బాగా పేరుకున్నట్టు కనబడింది, సగంలో ఆగిపోయిన కాల్చివేతలు వరుసగా ఉన్నాయి. ఆయిల్ పైగీత దాటి వేలు మందం ఎక్కువ, డీజిల్ వాసన. యజమాని దాచలేదు. “మీటరు మీద జల్లెడ తాలూకు పసుపు దీపం అప్పుడప్పుడు వెలుగుతుంది, డ్రైవర్లు పట్టించుకోరు” అన్నారు. కొనాలా వద్దా?

తెల్లవారుజాము | బుధవారం, రాత్రి 9:20

వద్దు. పలచబడ్డ ఆయిల్‌తో ఎన్నాళ్లు నడిచిందో ఎవరికి తెలుసు? బేరింగులు తిని ఉంటుంది.

లేత్‌షెడ్డు_బాలానగర్ | బుధవారం, రాత్రి 9:45

తిన్నదో లేదో ఫిల్టర్ చెబుతుంది. కోయండి.

స్కానర్_కుర్రాడు | బుధవారం, రాత్రి 10:10

నా అభిప్రాయం వేరు. ఈ బండి జబ్బు ఇంజన్‌ది కాదు, తిరిగిన వీధులది. అన్న రోజూ మొయినాబాద్ నుంచి చేవెళ్ల రోడ్డు మీదుగా అప్పా జంక్షన్ దాటి గచ్చిబౌలి దాకా పాతిక కిలోమీటర్లు ఏకబిగిన వస్తారు. ఆ జల్లెడకు కావలసింది అదే. మర్రిచెట్ల దారి డీపీఎఫ్‌కు ప్రకృతి వైద్యశాల. వర్క్‌షాపులో ఒకసారి బలవంతంగా మసి కాల్పించి, ఆయిల్ మార్చి, ఫిల్టర్ శుభ్రంగా ఉంటే కొనవచ్చు. ధర మాత్రం తగ్గించాలి.

మట్టిమనిషి | మరుసటి సోమవారం, రాత్రి 8:30

యజమాని మసి కాల్పించారు, ఆయిల్ ఖర్చు నాది. ఫిల్టర్ కోసి డాబా మీద ఎండలో ఆరబెట్టి అరగంట చూశాను. మసి తప్ప మెరుపు లేదు. నాలుగు నాజిళ్ల సీసాలూ సమానంగా నిండాయి. ఆరు లక్షల అయిదు వేలకు కుదిరింది. ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35, బదిలీకి 29, 30 సంతకాలు అయ్యాకే చివరి పాతికవేలు ఇచ్చాను. చలానాలు మూడు ఉంటే ఆయనే కట్టారు.

కొత్తబండే_మేలు | సోమవారం, రాత్రి 8:50

ఇంత శ్రమ పడే బదులు...

ఉప్పల్_వంటశాల | సోమవారం, రాత్రి 8:52

మీరు ఆగండి బాబూ.

మట్టిమనిషి | నాలుగు నెలల తర్వాత, శనివారం, సాయంత్రం 6:15

అడుగుతున్నారు కనుక రాస్తున్నాను. 9,400 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ మట్టం గీతల మధ్యే నిలబడింది. పసుపు దీపం రెండుసార్లు వెలిగితే రింగురోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా పోయి వచ్చాను, ఆరిపోయింది. తొట్టి లోపల తొమ్మిది అంగుళాల దగ్గర తెల్లరంగుతో గీత గీయించాను. మట్టి ఆ గీత దాటదు. “గీత దాటితే సీతమ్మకే తప్పలేదు” అని లోడు ఎత్తే కుర్రాళ్లు ఎగతాళి చేస్తున్నారు.

పూలబండి_గుడిమల్కాపూర్ | శనివారం, రాత్రి 10:40

నమస్కారం, ఈ వేదికకు కొత్త. చర్చ మొత్తం చదివాను. నేనూ ఒక బండి చూశాను. 2018, బీఎస్-4, నాలుగు లక్షల డెబ్బై. మీటరు 96,000. ఇంజన్ చాలా శుభ్రంగా ఉంది, ఒక్కసారికే స్టార్ట్ అయింది. కూరగాయలకు వాడారట. కన్సల్టెన్సీ వాళ్లు రేపు బయానా ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?

మట్టిమనిషి | శనివారం, రాత్రి 10:48

అన్నా, ఆ బండి వెనుక కమాన్ పట్టీలు ఎన్ని ఉన్నాయి?